పులిని కట్టేసే మేకలు



ఈ పూట మాట్లాడుకునేది ఆటల గురించి. "ఆటలా? అవి పిల్లలకు కదా! మాకెందుకు?" అని కొందరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ముందు వినండి. తరువాత చదవండి. చదివాక ఆడండి. అప్పుడు చెప్పండి, ఈ ఆటలు పిల్లలవో పెద్దలవో.

గుడి ముందు రాతిబండలు చూసే ఉంటారు. రచ్చబండ కూడా చూసే ఉంటారు. కొన్ని బండల మీద గీతలు చెక్కి ఉంటాయి. కొన్ని బండల మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి. విజయనగర రాజుల కాలం నాటి హంపిలో కూడా రాతినేల మీద ఇలాంటి ఆటల గీతలు ఉన్నాయి. రాజులు పోయారు. కోటలు కూలాయి. ఆట గీతలు మాత్రం మిగిలాయి.

రచ్చబండ మీద కూర్చుని ఆడేది ఎక్కువగా మగవాళ్లు. ఆడవాళ్ల ఆట ఇంట్లోనే. వంట అయ్యాక, అంట్లు తోమాక, మధ్యాహ్నం ఒక గంట దొరికితే వామనగుంటల పీట ముందు కూర్చునేవారు. చింతగింజల చప్పుడు వీధిలోకి వినపడేది. ఇప్పుడు ఆ చప్పుడు తగ్గింది. ఆటలు తెలిసినవాళ్లు ముసలివాళ్లు అయిపోతున్నారు. వాళ్లతోపాటు ఆటల రూలు కూడా పోతోంది. ఎందుకంటే అది ఎక్కడా రాసి లేదు. నోటి మాటగానే ఉంది.

అదృష్టం లేని ఆట

ఆటలు రెండు రకాలు. అష్టాచెమ్మా తీసుకోండి. గవ్వలు వేస్తారు. గవ్వ ఎలా పడితే కాయ అలా నడవాలి. అందులో తెలివి కొంత, అదృష్టం కొంత. పేకాటలో ఎదుటివాళ్ల చేతిలో ఏ ముక్క ఉందో కనపడదు.

ఇంకో రకం ఆటలు ఉన్నాయి. వాటిలో గవ్వలు లేవు. పాచికలు లేవు. దాచిపెట్టిన ముక్కలు లేవు. అంతా కళ్ల ఎదుటే ఉంటుంది. ఇద్దరికీ ఒకేలా కనిపిస్తుంది. గెలిస్తే ఆలోచన వల్ల గెలిచినట్టు. ఓడితే ఆలోచన చాలక ఓడినట్టు. దేవుణ్ణి, గ్రహాలను తిట్టుకోవలసిన పని లేదు. పులి-మేక, దాడి, వామనగుంటలు ఇలాంటి ఆటలే.

పులి-మేకను కొన్ని చోట్ల పులిజూదం అంటారు. పేరులో జూదం ఉంది. కానీ దానికి పైసా పందెం అక్కర్లేదు. ఈ తేడా బాగా గుర్తుంచుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆట ఇంటిని ముంచుతుంది. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటల వల్ల ఎన్నో కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. అందుకే తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ వాటికి అడ్డుకట్ట వేస్తూ చట్టం మార్చాయి. 2025లో పార్లమెంటు కూడా ఒక చట్టం చేసింది. చింతగింజలకు, గులకరాళ్లకు అప్పు చేయనక్కర్లేదు. ఓడితే పోయేది ఏమీ లేదు. మళ్లీ ఆడవచ్చు.

పులి-మేక: గీత ఎలా గీయాలి?

సుద్దముక్క గానీ బొగ్గుముక్క గానీ తీసుకోండి. పైన ఒక చుక్క పెట్టండి. అది కొండ శిఖరం. శిఖరం నుంచి కిందికి నాలుగు గీతలు గీయండి. అవి కిందికి పోయేకొద్దీ విడిపోవాలి. ఇప్పుడు వాటికి అడ్డంగా నాలుగు గీతలు గీయండి. పై మూడు అడ్డగీతలు రెండు పక్కలా కొంచెం బయటికి రావాలి. నాలుగోది, అంటే అన్నిటికన్నా కిందిది, బయటికి రాకూడదు. బయటికి వచ్చిన మూడు కొసలను ఎడమ వైపు ఒక నిలువు గీతతో కలపండి. కుడి వైపు కూడా అలాగే కలపండి. అంతే.

గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి. శిఖరం 1. మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18. అడుగు గీత మీద 4. మొత్తం 23. ఇరవై మూడు రాకపోతే గీత ఎక్కడో తప్పింది. తుడిచి మళ్లీ గీయండి.

పులులు 3. మేకలు 15. పులులకు పెద్ద రాళ్లు పెట్టుకోండి. మేకలకు చింతగింజలు చాలు. ఒకరు పులులను ఆడతారు. ఒకరు మేకలను ఆడతారు.

ఆట ఎలా ఆడాలి?

మొదట మూడు పులులను పెట్టాలి. ఒకటి శిఖరం మీద. మిగిలిన రెండు మొదటి అడ్డగీత మీద, నడిమి రెండు చోట్లలో. మేకలు బయటే ఉంటాయి. మేకలవాళ్లు ఒక మేకను ఒక ఖాళీ చోట పెడతారు. తరువాత పులులవాళ్లు ఒక పులిని గీత వెంట పక్క చోటికి జరుపుతారు. మళ్లీ ఒక మేక. మళ్లీ ఒక పులి. ఇలా పదిహేను మేకలూ వచ్చేదాకా పెట్టిన మేకను కదపకూడదు. అన్నీ వచ్చాక మేకలు కూడా ఒక్కో అడుగు నడవవచ్చు.

పులి మేకను ఎలా తింటుంది? పులి పక్కన మేక ఉండాలి. మేకకు అవతల, అదే గీత మీద తిన్నగా, ఖాళీ చోటు ఉండాలి. పులి మేక మీదుగా దూకి ఆ ఖాళీలో దిగుతుంది. ఆ మేక చచ్చినట్టు. తీసేయాలి. మేక మాత్రం దూకదు. ఎవరినీ తినదు.

మరి మేకలు ఎలా గెలుస్తాయి? పులులను కట్టేయాలి. మూడు పులులకూ నడవడానికి చోటు ఉండకూడదు. దూకడానికీ చోటు ఉండకూడదు. అప్పుడు మేకలు గెలిచినట్టు.

ఒక లెక్క చూడండి. చోట్లు 23. మూడు పులులు, పదిహేను మేకలు కలిపి 18. ఒక్క మేక కూడా చావకపోతే మిగిలే ఖాళీలు 5. ఒక మేక చస్తే ఖాళీలు 6. పులికి ఒక మేక దొరికితే తిండి దొరికినట్టే కాదు, తిరగడానికి చోటు కూడా పెరిగినట్టు. అందుకే ఒక్క మేక పోయినా మిగతా మేకలన్నిటికీ కష్టమే.

అత్తాకోడళ్ల ఆట

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఆడుతున్నారనుకోండి. అత్తవి పులులు. కోడలివి మేకలు. అత్త చిన్నప్పటి నుంచీ ఆడింది. కోడలికి ఆట కొత్త.

కోడలు మొదటి మేకను రెండో అడ్డగీత మీద, ఎడమ వైపు పులికి సరిగ్గా కింద పెట్టింది. అత్త నవ్వింది. పులి దూకింది. మూడో అడ్డగీత మీద దిగింది. మేక పోయింది.

"అయ్యో అత్తమ్మా! మొదటి దెబ్బకే తినేశారే!"

"పులి నోటి ముందు పెట్టి తినొద్దంటే ఎట్లా? మళ్లీ పెట్టుకుందాం పట్టు."

రెండో ఆట మొదలైంది. ఈసారి కోడలు మొదటి అడ్డగీత ఎడమ కొసన మేకను పెట్టింది. అత్త కుడి వైపు పులిని ఒక అడుగు కిందికి దింపింది. కోడలు బాగా ఆలోచించింది. కొసన ఉన్న మేకకూ, ఎడమ వైపు పులికీ మధ్య ఒక ఖాళీ ఉంది. అక్కడ రెండో మేకను పెట్టింది.

"ఇప్పుడు దూకండి చూద్దాం! అవతల నా మేకే ఉంది. రెండు మేకల మీదుగా దూకలేరుగా!"

కోడలి మాట నిజమే. ఆ పులి దూకలేదు. కానీ అత్త చేయి శిఖరం మీదికి పోయింది. శిఖరం నుంచి ఎడమ గీత వెంట కిందికి చూస్తే ఆ రెండో మేకే ఉంది. దాని కింద చోటు ఖాళీ. శిఖరం మీది పులి దూకింది. మేక పోయింది.

"ఒక్క గీతే చూశావు అమ్మాయ్. ఆ చోటుకు ఎన్ని గీతలు వస్తున్నాయో లెక్కపెట్టుకోలేదు" అంది అత్త.

ఈ ఆటలో అసలు కిటుకు అదే. మేకను పెట్టేముందు ఆ చోటుకు వచ్చే గీతలన్నీ చూడాలి. ప్రతి గీత మీదా రెండు వైపులా చూడాలి.

భయం లేని ఆరు చోట్లు

మేకకు భయం లేని చోట్లు కొన్ని ఉన్నాయి. గీత కొస మీద ఉన్న మేకకు అవతల చోటే లేదు. పులి దూకి ఎక్కడ దిగుతుంది? అయితే ఆ చోటుకు వచ్చే గీతలన్నీ అక్కడే ఆగిపోవాలి. అప్పుడే పూర్తిగా భయం లేనట్టు.

అలాంటివి ఎన్నో వెతకండి. మొదటి అడ్డగీత రెండు కొసలు. మూడో అడ్డగీత రెండు కొసలు. అడుగు గీత రెండు మూలలు. మొత్తం 6. శిఖరం కూడా అలాంటిదే. కానీ ఆట మొదట్లో దాని మీద పులి కూర్చుంటుంది. రెండో అడ్డగీత కొసలు మాత్రం అలాంటివి కావు. అక్కడ నిలువు గీత ఆగదు. పైనుంచి కిందికి పోతుంది. పులి ఆ గీత వెంట దూకగలదు.

ఇంకో విషయం. అడుగు గీత ఎడమ మూలన ఒక మేకను పెట్టండి. మూడో అడ్డగీత ఎడమ కొసన ఇంకో మేకను పెట్టండి. ఈ రెంటికీ పక్కన ఒక చోటు ఉంది. అది మూడో అడ్డగీత మీద రెండో చోటు. అక్కడ మూడో మేకను పెట్టండి. దాన్ని ఏ పులీ తినలేదు. పక్క నుంచి దూకుదామంటే అవతల మేక ఉంది. పైనుంచి దూకుదామంటే కింద మేక ఉంది. మూడూ ఒకదానికొకటి కాపు. ఇలా అంచు నుంచి లోపలికి, కింది నుంచి పైకి కట్టుకుంటూ పోవాలి. తొందరపడి పులి దగ్గరికి పోకూడదు.

ఇదే ఆట, వేరే దేశం

నేపాల్లో ఇలాంటి ఆట ఉంది. పేరు బాఘ్‌చాల్. అంటే పులి నడక. అక్కడ గీత చతురంగా ఉంటుంది. చోట్లు 25. పులులు 4, నాలుగు మూలల్లో ఉంటాయి. మేకలు 20. పులులు ఐదు మేకలను తింటే గెలిచినట్టు.

యూరపు దేశాల్లో పులి లేదు, నక్క ఉంది. మేకల బదులు బాతులు. ఒకే నక్క, చాలా బాతులు. దిక్కు ఏదైనా ఆట ఒకటే. ఒక వైపు బలం ఎక్కువ, మంది తక్కువ. ఇంకో వైపు మంది ఎక్కువ, బలం తక్కువ. రెండు వైపులా ఒకే రకం కాయలు ఉండే ఆటలు ఎన్నో ఉన్నాయి. ఇలా అసమానంగా ఉండే ఆటలు తక్కువ.

దాడి

ఇప్పుడు దాడి ఆట. ఒక పెద్ద చతురం గీయండి. దాని లోపల ఇంకో చతురం. దాని లోపల చిన్న చతురం. మూడింటి నాలుగు పక్కల నడిమి చోట్లను గీతలతో కలపండి. లోపలి చతురం ఖాళీగా ఉండాలి. గీతలు కలిసే చోట్లు 24.

ఒక్కొక్కరికి 9 కాయలు. ఒకరివి గింజలు, ఒకరివి రాళ్లు. ఒకరి తరువాత ఒకరు ఒక్కో కాయ పెట్టాలి. ఒకే గీత మీద మూడు కాయలు వరసగా కూడితే దాడి అయినట్టు. దాడి చేసినవాళ్లు ఎదుటివాళ్ల కాయ ఒకటి తీసేస్తారు. ఎదుటివాళ్ల దాడిలో ఉన్న కాయను మాత్రం తీయకూడదు. వేరే కాయ లేకపోతేనే దాన్ని తీయాలి.

కాయలన్నీ పెట్టాక నడక మొదలవుతుంది. ఒక కాయను గీత వెంట పక్క ఖాళీలోకి జరపాలి. మళ్లీ దాడి కూడితే మళ్లీ ఒక కాయ తీయవచ్చు. ఎవరికి రెండు కాయలే మిగిలితే వాళ్లు ఓడినట్టు. నడవడానికి చోటు లేకపోయినా ఓడినట్టే.

ఇందులో ఒక కిటుకు ఉంది. దాడిలోని ఒక కాయను పక్కకు జరపాలి. మరుసటి ఎత్తులో వెనక్కి తేవాలి. మళ్లీ దాడి. ఇలా తలుపు తీస్తూ మూస్తూ ఉంటే ఎదుటివాళ్ల కాయలు ఒక్కొక్కటీ పోతాయి. అందుకే ఆ తలుపుకు ఎదుటివాళ్లు అడ్డం పడాలి. ఖాళీ అయిన చోట్లో తమ కాయను దూర్చాలి.

ఈ ఆటలోనూ తేడాలు ఉన్నాయి. కొందరు మూడు కాయలు మిగిలినవాళ్లను ఎక్కడికైనా ఎగరనిస్తారు. కొందరు ఎగరనివ్వరు. కొందరు మూలలను కూడా ఏటవాలు గీతలతో కలుపుతారు. అప్పుడు 12 కాయలతో ఆడతారు. దక్షిణాఫ్రికాలో ఇలాగే ఆడతారు. అక్కడ దీని పేరు మొరబరబ. కాయలను ఆవులు అంటారు. ఒక్కొక్కరికి పన్నెండు ఆవులు.

1993లో రాల్ఫ్ గాసర్ అనే ఆయన తొమ్మిది కాయల ఆటను కంప్యూటరుతో చివరిదాకా లెక్క కట్టాడు. ఇద్దరూ ఒక్క తప్పు కూడా చేయకపోతే ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు అని తేలింది. అంటే ఈ ఆటలో ఓటమి తప్పు వల్లే వస్తుంది. ఓడిపోయినప్పుడు "ఎక్కడ తప్పు చేశాను?" అని వెనక్కి వెతుక్కోవచ్చు.

వామనగుంటలు

ఇది గుంటల ఆట. ఒక్కొక్కరి వైపు 7 గుంటలు. మొత్తం 14. పీట లేకపోతే నేల మీద గుంటలు తవ్వుకోవచ్చు. గుంటకు నాలుగు చొప్పున గింజలు పోయండి. పద్నాలుగు నాలుగులు 56. కొన్ని చోట్ల ఐదేసి పోస్తారు. అప్పుడు 70 గింజలు కావాలి.

ఆడేవాళ్లు తమ వైపు గుంట ఒకటి ఖాళీ చేస్తారు. ఆ గింజలను తరువాతి గుంటల్లో ఒక్కొక్కటి చొప్పున పంచుతూ పోతారు. చేతిలో గింజలు అయిపోతే పక్క గుంటలో ఉన్నవి తీసుకుని మళ్లీ పంచుతారు. పక్క గుంట ఖాళీగా ఉంటే పంచడం ఆగిపోతుంది. ఖాళీ గుంటను వేలితో తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్న గింజలన్నీ తీసుకోవాలి. అవి గెలుచుకున్నవి. తరువాత ఎదుటివాళ్ల వంతు.

ఒకసారి చేసి చూడండి. మీ వైపు గుంటలకు 1 నుంచి 7 దాకా అంకెలు వేయండి. ఎదుటివాళ్ల వైపు 8 నుంచి 14 దాకా వేయండి. అంకెలు గుండ్రంగా తిరిగి రావాలి. అన్నిటిలో నాలుగేసి గింజలు. ఒకటో గుంట తీయండి. 2, 3, 4, 5 గుంటల్లో పంచండి. చేయి ఖాళీ. ఆరో గుంట తీయండి. 7, 8, 9, 10లో పంచండి. పదకొండు తీయండి. 12, 13, 14 అయ్యాక చివరి గింజ ఒకటో గుంటలో పడుతుంది. ఇప్పుడు రెండో గుంటలో ఐదు ఉన్నాయి. వాటిని 3 నుంచి 7 దాకా పంచండి. ఎనిమిదిలో ఐదు ఉన్నాయి. 9 నుంచి 13 దాకా పంచండి. పద్నాలుగులో ఐదు ఉన్నాయి. 1 నుంచి 5 దాకా పంచండి. ఆరులో ఒకే గింజ ఉంది. దాన్ని ఏడులో వేయండి. ఎనిమిది ఖాళీ! తుడవండి. తొమ్మిదిలో ఉన్న 6 గింజలు మీవి.

ఆరు రాకపోతే ఎక్కడో ఒక గింజ ఎక్కువో తక్కువో పడింది. మళ్లీ చేయండి. కూడిక, తీసివేత నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పలక లేదు. బాగా ఆడేవాళ్లు గింజలు తీయకముందే ఎక్కడ ఆగుతుందో మనసులో లెక్క కడతారు. బడికి పోని అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా ఈ లెక్క కట్టేవారు. వాళ్లకు లెక్కలు రావని ఎవరనగలరు?

ఆఫ్రికాలోని ఘానాలో ఇలాంటి ఆటే ఉంది. పేరు ఓవారె. గుంటలు 12. గింజలు 48. గింజలు తీసుకునే రూలు మాత్రం వేరు. ఎక్కడి ఘానా, ఎక్కడి మన చింతగింజలు!

ఒంటరిగా ఆడేవి

ఆడేందుకు ఇంకొకరు దొరకకపోతే? అప్పుడూ ఆటలు ఉన్నాయి. తమిళనాట గుంటల ఆటను ఒంటరిగా ఆడే తీరు ఒకటి ఉంది. దానికి సీత పేరు పెట్టారు. అశోకవనంలో సీత ఒంటరిగా కూర్చుని ఆ ఆట ఆడిందని చెప్పుకుంటారు.

ఇంకో ఒంటరి ఆట ప్రపంచమంతా తిరిగింది. గుంటలు 33. కూడిక గుర్తు ఆకారంలో ఉంటాయి. పైనుంచి వరసగా 3, 3, 7, 7, 7, 3, 3. నడిమి గుంట ఒక్కటే ఖాళీ. మిగతా 32 గుంటల్లో ఒక్కో గింజ. గింజ పక్క గింజ మీదుగా ఖాళీలోకి దూకాలి. దాటిన గింజను తీసేయాలి. ఏటవాలుగా దూకకూడదు. చివరికి ఒకే గింజ, అదీ నడిమి గుంటలో మిగలాలి. ఒక్కో దూకుకు ఒక గింజ పోతుంది. ముప్ఫై రెండు గింజలు ఒకటి కావాలంటే 31 సార్లు దూకాలి. ఈ ఆట పలక ఫ్రాన్సు దేశపు పాత బొమ్మ ఒకదానిలో కనిపిస్తుంది. ఆ బొమ్మలో ఆట పక్కన ఉన్నది ఒక రాజవంశపు స్త్రీ.

ఇప్పుడు చిన్నవి రెండు. వీటిని మీరే విప్పాలి.

ఒకటి. నేల మీద వరసగా ఐదు గుంటలు. ఎడమ రెండింటిలో రెండు గింజలు. కుడి రెండింటిలో రెండు రాళ్లు. నడిమిది ఖాళీ. గింజలు కుడికే నడవాలి. రాళ్లు ఎడమకే నడవాలి. ఎవరూ వెనక్కి రాకూడదు. పక్క గుంట ఖాళీ అయితే జరగవచ్చు. పక్కన వేరే రకం కాయ ఉండి, దాని అవతల ఖాళీ ఉంటే దూకవచ్చు. దాటిన కాయను తీయకూడదు. గింజల చోటికి రాళ్లు, రాళ్ల చోటికి గింజలు రావాలి. ఎనిమిది ఎత్తుల్లో అయిపోవాలి.

రెండు. ఒక మనిషి ఏరు దాటాలి. వెంట పులి, మేక, గడ్డిమోపు ఉన్నాయి. తెప్పలో తనతోపాటు ఒక్కటే పడుతుంది. మనిషి లేకపోతే పులి మేకను తింటుంది. మేక గడ్డిని తింటుంది. మూడూ క్షేమంగా అవతలి ఒడ్డు చేరాలి. ఎలా? వెయ్యేళ్లకు పైగా యూరపులో కూడా ఈ చిక్కుప్రశ్నే ఉంది. అక్కడ పులి బదులు తోడేలు, గడ్డి బదులు కోసుగడ్డ.

రూలు ముందు, ఆట తరువాత

మళ్లీ అత్తాకోడళ్ల దగ్గరికి పోదాం. మూడో ఆటలో పోట్లాట వచ్చింది. అత్త పులులు ఐదు మేకలను తిన్నాయి.

"ఐదు తింటే పులి గెలిచినట్టే" అంది అత్త.

"మా పుట్టింట్లో ఎనిమిది తినాలి" అంది కోడలు.

"మీ పుట్టింటి ఆట ఇక్కడెందుకు?"

చూశారా? ఆట కాస్తా పుట్టింటి మీదికి పోయింది. నిజానికి ఇద్దరిదీ తప్పు లేదు. ఊరికో తీరు ఉంటుంది. తప్పు ఎక్కడంటే, ఆట మొదలు పెట్టక ముందు అనుకోకపోవడంలో ఉంది.

అత్త ఈ మధ్యనే అక్షరాలు నేర్చుకుంది. ఆమె కోడలి చేతిలో పలక పెట్టలేదు. తానే తీసుకుంది. నెమ్మదిగా కూడబలుక్కుంటూ ఇలా రాసింది.

1. పులులు 3. మేకలు 15.
2. మేకలన్నీ వచ్చేదాకా మేక కదలకూడదు.
3. ఆరు మేకలు తింటే పులి గెలుపు.
4. పెట్టిన కాయను వెనక్కి తీయకూడదు.

మూడో రూలు ఇద్దరూ బేరమాడి కుదుర్చుకున్నారు. నాలుగోది అత్త పట్టుబట్టి రాసింది. కోడలు మాటిమాటికీ మేకను వెనక్కి తీస్తోందని ఆమె కోపం.

నాలుగో ఆటలో చేతులు మారాయి. అత్తకు మేకలు వచ్చాయి. ఒక మేకను పెట్టింది. పెట్టగానే నాలుక కరుచుకుంది. పులి పక్కనే ఉంది. మెల్లగా వెనక్కి తీయబోయింది.

"అత్తమ్మా, నాలుగో రూలు చదవండి" అంది కోడలు.

అత్త పలక వైపు చూసింది. అది తన చేతిరాతే. ఇంకేం అంటుంది? మేకను వదిలేసింది. రాసిన రూలుకు అత్తా లేదు, కోడలూ లేదు. రాసినవాళ్లు కూడా దానికి లోబడాలి.

ఆ ఆట ఎవరు గెలిచారు? అత్తే. ఒక మేక పోయినా మిగిలిన పద్నాలుగింటినీ అంచుల నుంచి కట్టుకుంటూ వచ్చింది. చివరికి మూడు పులులకూ దారి లేకుండా పోయింది.

చేయవలసిన పని

మీ ఇంట్లో గానీ మీ వీధిలో గానీ పాత ఆటలు తెలిసిన పెద్దామె ఉంటుంది. ఆమె దగ్గర కూర్చోండి. ఒక ఆట అడగండి. ఈ ప్రశ్నలకు జవాబులు మీ నోటు పుస్తకంలో రాయండి.

ఆట పేరు ఏమిటి? గీత ఎలా ఉంటుంది? బొమ్మ గీయండి. కాయలు ఎన్ని? ఎవరు ముందు ఆడాలి? కాయ ఎలా నడుస్తుంది? ఎప్పుడు గెలిచినట్టు? ఆమె పుట్టింట్లో వేరేగా ఆడేవారా?

రాసింది ఆమెకే చదివి వినిపించండి. తప్పులుంటే ఆమే దిద్దుతుంది. తరువాత ఆ కాగితం చూసి, ఆ ఆట తెలియని ఇద్దరు ఆడగలిగితే మీరు బాగా రాసినట్టు. మధ్యలో ఎవరైనా "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే అక్కడ ఒక రూలు రాయడం మరిచిపోయినట్టు.

ఇంకో ప్రశ్న. వామనగుంటల్లో అన్ని గుంటల్లో నాలుగేసి ఉన్నప్పుడు మొదటి ఎత్తులో ఏ గుంట తీసినా ఆరు గింజలే వస్తాయి. ఎందుకు? ఐదేసి పోస్తే ఎన్ని వస్తాయి? చేసి చూడండి.

జవాబులు

గింజలు, రాళ్లు: మొదట గింజ, తరువాత రాయి, రాయి, గింజ, గింజ, రాయి, రాయి, గింజ. ఎనిమిది ఎత్తులు. మూడేసి కాయలతో, ఏడు గుంటలతో ఆడితే 15 ఎత్తులు పడతాయి.

ఏరు దాటడం: ముందు మేకను దాటించాలి. ఒంటరిగా వెనక్కి రావాలి. పులిని దాటించాలి. వెనక్కి వచ్చేటప్పుడు మేకను తెచ్చేయాలి. మేకను ఈ ఒడ్డున దింపి గడ్డిమోపును దాటించాలి. ఒంటరిగా వెనక్కి రావాలి. చివరగా మేకను దాటించాలి. మొత్తం ఏడుసార్లు. చాలామంది మేకను వెనక్కి తేవడం దగ్గరే ఆగిపోతారు. ఒకసారి దాటించినదాన్ని మళ్లీ వెనక్కి తేవచ్చని వాళ్లకు తోచదు.

వామనగుంటలు: అన్ని గుంటల్లో గింజలు సమానం. గుంటలు గుండ్రంగా తిరిగి వస్తాయి. అందుకే ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే. ఐదేసి పోస్తే 7 గింజలు వస్తాయి.